మేకు దిగే గోడ

శాంపిల్ ఫ్లాట్ అనేదాన్ని కనిపెట్టినవాడెవడో నాకు తెలియదు గానీ, వాడు కనబడితే అందులోనే ఓ ఏడాది కాపురం పెట్టించాలని నా కోరిక. గది పెద్దదిగా కనపడాలని మంచాన్ని కురచగా చేయిస్తారు, పడుకుంటే కాళ్ళు బయటికి వస్తాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల అట్ట. గదులకి తలుపులే ఉండవు, ఉంటే అవి తెరుచుకునే చోటు లేదని బయటపడిపోతుంది. పైన పటారం, లోన లొటారం.

అలాంటి ఒకదాంట్లో, ఓ ఆదివారం పూట, మా అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సుత్తి తీసింది.

"ఇక్కడ వద్దమ్మా" అన్నాను.

"ఇక్కడ కాకపోతే ఇంకెక్కడరా? చెప్పులు కొనేటప్పుడు తొడుక్కుని చూడవూ?"

మేకు ఆనించి ఒక్క దెబ్బ వేసింది. మేకు దిగుతుందో, వంగుతుందో అని నేను చూస్తున్నాను. అది ఆ రెండూ చెయ్యలేదు. మాయమైపోయింది. గోడలో చిన్న కన్నం మిగిలింది, ఆ కన్నంలోంచి ఓ కేక, దాని వెనకే చెవులు చిల్లులు పడేలా ఓ విజిల్ వినిపించాయి.

"ఎవరది? గోడలోంచి మేకులు విసిరేదెవరు?"

అరనిమిషంలో ఓ అమ్మాయి చుట్టూ తిరిగి మా గదిలోకి వచ్చింది. తడి జుట్టు, మెడలో విజిల్, చేతిలో మా మేకు.

"ఇది మీదేనా?"

"మా అమ్మదండీ."

"మా నాన్న కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఆయన చెవి పక్కనుంచి దూసుకెళ్ళింది. కాస్త అటూ ఇటూ అయితే?"

"గోడ అనుకున్నామండీ. అట్ట అని బ్రోషర్‌లో రాయలేదు."

"గోడయితే మాత్రం కొట్టేస్తారా? అవతల మనుషులుంటారని తెలీదా?"

"ఈ మంచాలు చూసి బొమ్మలుంటాయేమో అనుకున్నాం."

ఆమెకి నవ్వు వచ్చింది. వచ్చినదాన్ని పళ్ళ మధ్యే నొక్కేసింది. నేను చూడలేదనుకుంది పాపం.

ఇంతలో గొడవ విని సేల్స్ ఎగ్జిక్యూటివ్ పరిగెత్తుకొచ్చాడు. అతనికి మేం అప్పటికే టై బాబు అని పేరు పెట్టుకున్నాం. ఎండలో కూడా టై విప్పడు, అబద్ధంలో కూడా నవ్వు విప్పడు. ముందు కన్నాన్ని చూశాడు, తర్వాత మమ్మల్నందర్నీ ఒకేచోట చూశాడు. కన్నం కంటే రెండోదే అతన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది.

"ఇది ఆఖరి యూనిట్ అనీ, వేరే పార్టీ ఇవాళే ఖాయం చేసేస్తోందనీ అన్నారు కదా" అందామె. "ఎవరో కస్టమర్ కేర్ అబ్బాయీ, వాళ్ళమ్మగారూ అని."

నేను టై బాబుని ఎగాదిగా చూశాను. "నాకు మాత్రం ఎవరో స్విమ్మింగ్ కోచ్, వాళ్ళ నాన్నగారూ అన్నాడండీ."

టై బాబు టై సవరించుకున్నాడు. ఒకే గంటకి ఇద్దర్ని పిలిచి, వీళ్ళని చూపించి వాళ్ళనీ, వాళ్ళని చూపించి వీళ్ళనీ తొందరపెట్టడం అతని వ్యాపార రహస్యం. మధ్యలో అట్టగోడ ఉందన్న సంగతి మర్చిపోయాడు.

"అయితే ఆ వేరే పార్టీ మీరేనన్నమాట" అందామె, మేకు నా చేతిలో పెడుతూ.

ఇక్కడ నా గురించి ఓ ముక్క చెప్పాలి. నేను వాషింగ్ మెషీన్ల కంపెనీలో కస్టమర్ కేర్‌లో పనిచేస్తాను. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా "మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అంటూ కూర్చుంటాను. చింతించి చింతించి, ఆఫీసు గేటు దాటాక నా నోరు నా మాట వినదు. వీడి నోట్లో నోరు పెట్టకండని బంధువులు ఒకరికొకరు చెప్పుకుంటారు.

మా అమ్మ సంగతి వేరు. మా నాన్న తొలి జీతంతో లోలకం గడియారం ఒకటి కొన్నాడు. గోడ గడియారం. గోడ మాత్రం లేదు. ఆలూ లేదు, చూలూ లేదు అన్న సామెత మా ఇంట్లోంచే పుట్టిందేమో. సొంత గోడకే తగిలిద్దాం అన్నాడు, గోడ దొరక్కముందే పోయాడు. అద్దె ఇళ్ళ ఓనర్లకి అద్దె తర్వాత గుర్తొచ్చే మొదటి మాట "గోడలకి మేకులు కొట్టకూడదు" అని. కాబట్టి ఇల్లు మారినప్పుడల్లా గడియారం పాత దుప్పటి చుట్టుకుని అటకెక్కుతుంది. పడుకోబెట్టిన లోలకం నడవదు. ఏడాదికోసారి అమ్మ దాన్ని రిపేరు షాపుకి మోసుకెళ్ళి నూనె వేయిస్తుంది. అక్కడ వాళ్ళు తగిలించి చూస్తున్నంతసేపూ నిలబడి వింటుంది. మా ఇంటి గడియారం మా ఇంట్లో ఎప్పుడూ మోగలేదు. అందుకే ఆవిడకి జిమ్ వద్దు, పార్కు వద్దు. మేకు దిగే సొంత గోడ ఒక్కటి చాలు. నేను ఫ్లాట్ వెతుకుతున్నది దానికోసమే.

ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళందరూ ఒకే ప్రకటనలు చదివి ఒకే చోట్లకి వెళ్తారు. మరుసటి ఆదివారం ఇంకో సైట్లో మళ్ళీ విజిల్ వినిపించింది.

"వేరే పార్టీ గారూ, ఇలా రండి" అని పిలిచింది. పై అంతస్తు ఈత కొలనులో నిలబడి ఉంది. నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా కూడా లేవు. "ఒలింపిక్ పూల్ అట. ఇందులో నేను పిల్లలకి ఏం నేర్పాలి, కాళ్ళు కడుక్కోవడమా?"

"చెరువు కనిపించే ఫ్లాట్ అని నన్ను పిలిచారు" అన్నాను. "కనిపిస్తోంది, నిజమే. ఎదురుగా రెండో దశ కట్టాక వాళ్ళ బాత్రూం కిటికీ కనిపిస్తుంది."

"స్టేషన్‌కి అయిదు నిమిషాలట."

"కాకికి."

ఈసారి నవ్వుని నొక్కలేదు. ఆ రోజు నుంచి కలిసే వెళ్ళడం మొదలెట్టాం. పని సులువవుతుందని ఒకరికొకరం చెప్పుకున్నాం. నేను ఒప్పందంలో చిన్న అక్షరాలు చదివేవాణ్ణి. మెట్లూ, లిఫ్టూ, గోడల మందమూ అన్నీ మన పడకగదిలో కలిపి లెక్కేసి అమ్మే ఘనులున్నారు. ఆ విస్తీర్ణంలో కాపురం చెయ్యాలంటే లిఫ్టులో పరుపు వేసుకోవాలి. ఆమె అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్ళని పట్టుకుని అడిగేది: లిఫ్టు ఎంతసేపటికి వస్తుంది, నీళ్ళు ఏ అంతస్తు దాకా ఎక్కుతాయి, నెలనెలా మెయింటెనెన్స్ పేరుతో ఎంత పిండుతున్నారు. ఆ గొంతుకి భయపడి జనం నిజాలే చెప్పేవాళ్ళు.

అమ్మ తన పరీక్ష తను చేసేది. ఒకచోట గోడలన్నీ కాంక్రీటు, మేకులన్నీ వంగిపోయాయి. డ్రిల్లింగ్‌కి అసోసియేషన్ అనుమతి కావాలన్నారు. "సొంత గోడకి కూడా ఓనరున్నాడన్నమాట" అని సుత్తి లోపల పెట్టేసింది.

కోచ్ గారి నాన్న పరీక్ష ఇంకా విచిత్రం. ఆయన నేత మిల్లులో మరమగ్గాల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నోట్లో నాలుక లేదు. ఎక్కడికెళ్ళినా మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకొచ్చి, పడకగదిలో వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. కాసేపయ్యాక లేచి, "ఊహూ" అని కుర్చీ మడిచేసేవాడు.

"నాన్నకి రిటైరైనప్పట్నుంచీ నిద్ర లేదు" అని కూతురు చెప్పింది. "జన్మంతా ఆ మగ్గాల రొదలో బతికారు. ఇకనైనా నిశ్శబ్దమైన ఇల్లు ఇవ్వాలని నా పట్టుదల. ఇంకే కోరికా లేదు నాకు."

"ఇంకేదీ లేదా?"

"ప్రస్తుతానికి" అంది, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ.

ఓ రోజు ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. "వాన మొదలైంది. బయల్దేరండి."

"వానలో ఎవడైనా ఇల్లు చూస్తాడా?"

"ఎండలో అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయండీ, మనుషుల్లాగే. వానలోనే బండారం బయటపడేది."

వెళ్ళాను. గొడుగు ఒక్కటే ఉంది. నా కుడి భుజం తడిసింది, ఆమె ఎడమ భుజం తడిసింది. మిగతా రెండు భుజాలూ పక్కపక్కన పొడిగా ఉన్నాయి. సెల్లార్ పార్కింగ్‌లో నడుము లోతు నీళ్ళు.

"కొలను పైన ఉందన్నారు, కిందకి మార్చినట్టున్నారు" అన్నాను.

ఆమె విజిల్ ఊది, "ఇక్కడైతే క్లాసులు పెట్టుకోవచ్చు. మీకు ఈత వచ్చా?" అంది.

"రాదు. మునగడం వచ్చు."

"అది నేర్పక్కర్లేదు, చూస్తూనే ఉన్నాను" అని, తను అన్నమాట తనకే వినపడి అటు తిరిగింది. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు నీళ్ళకేసి శ్రద్ధగా చూశాం. ఆ నీళ్ళలో చూడ్డానికి ఏమీ లేదు. తిరిగొచ్చేసరికి సేల్స్ ఆఫీసు రేకుల షెడ్డు కింద, వాన దడదడలాడుతుంటే, ఆమె నాన్న కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు.

"అలసిపోయినట్టున్నారు" అని తట్టి లేపేసింది.

చివరికి దొరికింది. పాత భవనం, పేరు కూడా సరిగ్గా లేదు. కొలను లేదు, జిమ్ లేదు, బ్రోషర్ లేదు కాబట్టి అబద్ధాలూ లేవు. మూడో అంతస్తులో పక్కపక్కనే రెండు ఫ్లాట్లు ఖాళీ. తాళాలు తెచ్చింది ఎవరనుకున్నారు? టై బాబే. కంపెనీ మారాడు, టై మాత్రం అదే.

"త్వరపడండి సార్, వేరే పార్టీ..."

"పక్కనే ఉన్నారులే, కానీ" అన్నాను.

ఇటుక గోడలు. హాల్లో ఒకవైపు కిటికీలు, ఒకవైపు వంటగది, ఒకవైపు గుమ్మం. నిండుగోడ ఇక మిగిలిన నాలుగోదొక్కటే. అమ్మ మేకు పెట్టి కొట్టింది. ఠక్, ఠక్, ఠక్. మేకు నిటారుగా దిగింది. అమ్మ దాన్ని పట్టుకుని లాగి చూసింది. రాలేదు.

"దిగింది రా!" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం నేను మళ్ళీ మళ్ళీ చూడాలనుకున్నాను.

అప్పుడే గుమ్మంలో కోచ్ కనిపించింది. మొహంలో రక్తం లేదు. "ఆంటీ, ఈ గోడకి అటుపక్క మా నాన్న మంచం వస్తుంది. రెండో గది రోడ్డు వైపు. ఇంకెక్కడా పడదు."

అమ్మ సుత్తి కిందకి దించింది.

"గడియారం తగిలించుకోండి, ఆంటీ. కాకపోతే ఆపేసి తగిలించుకుంటారా?"

అమ్మ ఆమెని కోప్పడలేదు. సుత్తి వెనకవైపుతో మేకు మెల్లగా పీకి, బ్యాగ్‌లో వేసుకుంది. "ఆగిపోయిన గడియారానికి గోడెందుకమ్మా? అటక చాలు" అని కిందకి దిగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆగిన గడియారం, అట్ట ఫ్రిజ్. భలే చెప్పారు. మీరు కూడా శాంపిల్ ఫ్లాట్లు అమ్ముకోవచ్చు."

"మా నాన్న పడుకుని ఎన్నాళ్ళైందో మీకు తెలుసా?"

"అంత నిశ్శబ్దం కావాలంటే చంద్రుడి మీద చూసుకోండి. అక్కణ్ణుంచి కూడా స్టేషన్ అయిదు నిమిషాలే అంటాడు మన టై బాబు."

ఆమె కళ్ళు తడిశాయి. "అన్నిటికీ వెటకారమే మీకు. అందుకే మీకు ఏ ఇల్లూ దొరకదు. దొరికినా అందులోకి ఎవరూ రారు."

ఆ దెబ్బకి నేను సరిగ్గా గోడకి మేకు దిగినట్టు నిలబడిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ "అద్దె ఇల్లే హాయిరా" అంది. ఆ అబద్ధం టై బాబు కూడా అంత బాగా చెప్పలేడు. ఆఫీసులో ఒకాయన తన మెషీన్ మరీ రొద చేస్తోందని ఫిర్యాదు చేస్తే, నిజంగానే చింతించాను.

ఓ శనివారం అమ్మ అటక మీద నుంచి గడియారం దింపింది. "ఒక్కసారి ఆ గోడకి తగిలించి చూస్తాను. కొనద్దులే. సొంతమయ్యేదాకా వచ్చిన గోడ కదా, ఒక్కసారి విని వచ్చేద్దాం."

తాళాలకోసం ఫోన్ చేస్తే టై బాబు, "సాయంత్రం రండి సార్. వేరే పార్టీ కూడా ఆఖరిసారి చూడ్డానికి వస్తున్నారు" అన్నాడు. జన్మలో మొదటిసారి అతను నిజం చెప్పాడు. నేను నమ్మలేదు.

పాత కన్నంలోనే మేకు దిగింది. గడియారం తగిలించి, కీ ఇచ్చి, టైము సరిచేసి, అమ్మ లోలకాన్ని వేలితో ఒక్కసారి కదిపింది. టిక్. టిక్. టిక్. ఖాళీ హాలంతా ఆ చప్పుడు నిండింది. అమ్మ నేల మీద చతికిలబడి, చీమ కదిలినా తెలిసేంత శ్రద్ధగా వింటూ కూర్చుంది. నాన్న ఉంటే ఇలాగే కూర్చునేవాడు. నాకు ఏడుపొచ్చింది, వచ్చిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అయిదు గంటలు కొట్టింది. అమ్మ ప్రతి గంటకీ తలాడించింది.

చాలాసేపటికి తలుపు మీద గోటితో గీకినట్టు చప్పుడైంది. తీస్తే ఆమె. నోటి మీద వేలు.

"అరవడానికి వచ్చారా?" అన్నాను.

"ష్" అంది. "రండి."

పక్క ఫ్లాట్ ఖాళీ పడకగదిలో మడత కుర్చీ. కుర్చీలో ఆమె నాన్న. తల గోడకి ఆనించి, నోరు కాస్త తెరిచి, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. గోడలోంచి సన్నగా, టిక్, టిక్, టిక్.

వరండాలోకి వచ్చాం. ఆమె గుసగుసగా మాట్లాడింది. ఆ గొంతుకి గుసగుస కూడా వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"గడియారం మొదలైన కాసేపటికే పడుకున్నారు. గంటలు కొట్టినా కదల్లేదు. నాకేం అర్థం కావట్లేదు."

"నాకు మాత్రం ఏం తెలుసు?"

"మిమ్మల్ని అంత మాట అనకుండా ఉండాల్సింది. ఇల్లు దొరకదని."

"ఇల్లు దొరక్కపోతే పోయింది. ఆదివారాలు గడవట్లేదు నాకు."

"ఏమన్నారు? వినపడలేదు."

"వినపడింది."

"వినపడింది. మళ్ళీ చెప్పండి."

"గట్టిగా చెప్తే మీ నాన్న లేస్తారు."

"అయితే దగ్గరికొచ్చి చెప్పండి, వేరే పార్టీ గారూ."

దగ్గరికెళ్ళి చెప్పాను. ఏం చెప్పానో మీకెందుకు? వెటకారం లేకుండా చెప్పానని మాత్రం నమ్మండి. ఆమె విజిల్ తాడు నా మణికట్టుకి చుట్టి, "నేను కూడా" అంది.

మేం తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పక్క ఫ్లాట్‌లోకి వెళ్ళి నిద్రపోతున్న మనిషిని తొంగి చూసింది. వెనక్కొచ్చి గడియారం ముల్లు చూసింది. ఆరు కావస్తోంది.

"పాపం, పడుకున్నాడు. ఆరు గంటలు కొడితే లేచిపోతాడు" అని గొణుక్కుంటూ వెళ్ళి, ఇన్నేళ్ళూ ఏ గోడ కోసం తిరిగిందో ఆ గోడ మీద గడియారాన్ని, తన చేత్తో తనే ఆపేసింది.

ఆగిన మరుక్షణం గోడ అవతల కుర్చీ కిర్రుమంది.

"ఎవరమ్మా అది ఆపింది?"

కళ్ళు నలుపుకుంటూ ఆయన మా హాల్లోకి వచ్చేశాడు. నిద్ర చెడిన కోపం మొహంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. "బంగారంలాంటి నిద్ర పట్టింది. ఎందుకాపారు?"

"నాన్నా, నిశ్శబ్దంగా ఉంటేనే కదా మీకు..." అంది కూతురు.

"ఎవరు చెప్పారు? మిల్లు మానేసినప్పట్నుంచీ చెవుల్లో ఒకటే హోరు. ఎంత నిశ్శబ్దంగా ఉంటే అది అంత మోగుతుంది. ఇది టిక్కు టిక్కుమంటుంటే దాని గొడవ పట్టలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? నిశ్శబ్దం, నిశ్శబ్దం అంటూ విజిల్ ఊదుకుంటూ ఊరంతా తిప్పావు. ముచ్చటపడుతున్నావు కదాని కూర్చున్నాను." ఆయన అమ్మవైపు తిరిగాడు. "అక్కయ్యగారూ, కాస్త దాన్ని కదపండి."

అమ్మ లోలకాన్ని కదిపింది. ఆ వెంటనే ఆరు కొట్టింది.

ఆయన ఆరూ విని, మా ఇద్దర్నీ చూసి, నా మణికట్టుకున్న విజిల్ తాడు చూసి, "ఇది ఎప్పట్నుంచి, బాబూ?" అన్నాడు.

"మేకు తగిలినప్పట్నుంచండీ" అన్నాను.

"నాకు తెలుసులే" అంది అమ్మ. "వానలో ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే తెలుసు. వీడు ఎండలో కూడా వెళ్ళే రకం కాదు."

తాళాలకోసం పైకొచ్చిన టై బాబు మా నలుగురినీ చూసి, అలవాటు కొద్దీ మొదలెట్టాడు. "మేడమ్, త్వరగా తేల్చండి, వేరే పార్టీ..."

"వేరే పార్టీ ఇక లేదయ్యా" అంది అమ్మ. "రెండిళ్ళూ రాసుకో."

మా పెళ్ళయ్యాక చూడవచ్చిన ప్రతివాడూ ఒకటే సలహా. మధ్య గోడ కొట్టేసి తలుపు పెట్టించుకోవచ్చుగా, ఎంత సౌకర్యం, అని. సలహాకి ఖర్చేముంది? అమ్మ మాత్రం ఆ గోడకి వీపు ఆనించి నిలబడి, "దీని జోలికొస్తే సుత్తి నా చేతిలోనే ఉంది" అంటుంది. అంచేత ఇప్పటికీ నేను మా ఆవిడ పుట్టింటికి వెళ్ళాలంటే, చెప్పులేసుకుని, తాళం వేసి, వరండాలోంచి చుట్టూ తిరిగే వెళ్ళాలి. లోపల మా మామగారు నిద్రపోతుంటాడు, చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తాను.